ఆరో లాకు దగ్గర మూడు చీటీలు

గట్టు కట్టిన 38వ ఏడు, 201వ రోజు. ఉదయం పోటు

రుచి: రెండు, రెండు. లాకు ఎత్తే ఉంది. గాలి తూర్పు నుంచి.

ఇన్నాళ్ళూ ఈ పుస్తకం మా ముగ్గురి కోసమే. ఒకరు చేసిన పని మిగతా ఇద్దరికీ తెలియడానికి రాసుకునేది. ఇవాళ్టి నుంచి బయటివాళ్ళు చదివినా అర్థమయ్యేలా రాస్తాను. రాస్తున్నది జెసింత. నేను మాట్లాడటం తక్కువ. రాయమంటే రాస్తాను.

మా పని నీళ్ళు రుచి చూడటం. పోటు పెట్టినప్పుడల్లా సముద్రం గట్టు కింద నుంచి కాలువలోకి ఉప్పు తోస్తుంది. పాటు తీసేసరికి తగ్గుతుంది. మీటర్లు పెడితే వారానికల్లా గుల్లలు పట్టేస్తాయి. నాలుకకు గుల్లలు పట్టవు. అందుకని లాకు కాసే లస్కర్లు ఒక గుక్క నోట్లో పోసుకుని, ఉమ్మి, అంకె వేస్తారు. ఒకటి అంటే కుండ నీళ్ళు. రెండు కొబ్బరి నీళ్ళు. మూడు కన్నీళ్ళు. నాలుగు ఆవకాయ ఊట. ఐదు సముద్రం. మూడు వస్తే చక్రం తిప్పి లాకు దించేయాలి. దించకపోతే కింద వరి చస్తుంది.

లాకు చక్రాల షెడ్డు గోడ మీద రేకు బోర్డు ఉంది. గట్టు కట్టిన ఏడాది కొట్టింది. అందులో ఇలా ఉంది: "ఇద్దరు విడివిడిగా రుచి చూడవలెను. ఒకరి చీటీ ఒకరికి చూపరాదు. తేడా వచ్చినచో ఎక్కువ అంకె చెల్లును."

కింద చెక్కపెట్టె. దానికి రెండు కన్నాలు. ఒకదాంట్లో ఫిలోమిన చీటీ వేస్తుంది. రెండోదాంట్లో చిట్టెమ్మ వేస్తుంది. ఒకరు రుచి చూసేటప్పుడు రెండోవారు లోపల గోడ వైపు తిరిగి ఉంటారు. బళ్ళో పరీక్ష రాసేటప్పుడు మధ్యలో సంచి పెట్టుకున్నట్టే. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఒకరి చీటీ ఒకరు తొంగి చూడలేదు.

ఇవాళ గట్టు కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నది ఒకటే ప్రశ్న. మొదటి లస్కరు జి. ఫిలోమిన పూస నంబరూ, రెండో లస్కరు జి. చిట్టెమ్మ పూస నంబరూ ఒకటే ఎలా అయ్యాయి? వారంలో సంజాయిషీ ఇవ్వాలి.

ఒకటే అయ్యాయి. మా చెవి వెనకాల ఉన్నది ఒకటే పూస. మా ముగ్గురికీ ఉన్నది ఒకటే చెవి.

201వ రోజు, సాయంత్రం పాటు

రుచి: ఒకటి, ఒకటి.

తప్పు నాదే. ఏటా వచ్చే ఫారం ఈసారి నేను నింపాను. రెండో లస్కరు పేరు చిట్టెమ్మ అని రాశాక, "రెండో లస్కరు పూస నంబరు" అని ఒక గీత ఉంది. కాన్వెంటులో సిస్టర్ బెనెడిక్ట మాకు రెండు సంగతులు నేర్పారు. గీత ఉంటే ఖాళీ వదలకూడదు. రాసింది నిజమై ఉండాలి. నేను ఆ నంబరే రెండోసారి రాశాను. రాసి, కింద చక్కగా గీత కూడా గీశాను.

ఫిలోమిన ఈ పుస్తకంలో తన గుండ్రటి అక్షరాలతో రాసిన మాట ఇది:

*జెసింతా, నీకు దణ్ణం. ప్రపంచంలో దొంగలు ఖాళీలు వదిలి దొరికిపోతారు. నువ్వు నింపి మమ్మల్ని పట్టించావు.*

202వ రోజు, ఉదయం పోటు

రుచి: రెండు, మూడు. ఎక్కువ చెల్లింది. లాకు దించాం. చిట్టెమ్మ తిప్పింది. చక్రం తిప్పేది ఎప్పుడూ ఆమే. ఎడమ చేత్తో పని చేస్తుంది. మాట్లాడదు.

మా పేర్లు ఎక్కడివో రాయాలి. జ్ఞానస్నానం నాడు ఫాదర్ గారు పెట్టిన పేరు ఫిలోమిన. పదమూడో ఏట, నుదుట తైలం రాసి విశ్వాసాన్ని స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం నాడు ఇంకో పునీతురాలి పేరు ఎంచుకోమంటారు. అది జెసింత. ఇంట్లో నాయనమ్మ పిలిచిన పేరు చిట్టెమ్మ. కాథలిక్ ఇంట్లో పుడితే ఒక పిల్లకి మూడు పేర్లు ఉండటం వింత కాదు. మూడు పేర్లకీ మనుషులు ముందే ఉన్నారు. అందుకని పంచుకోవడం తేలికయింది.

పన్నెండో ఏట అందరికీ లాగే మాకూ పూస పెట్టారు. పూస మనిషిని గుర్తుపట్టి తలుపు తీస్తుంది, రేషన్ ఇప్పిస్తుంది. మా పూస చిట్టెమ్మ బయటికి వచ్చినప్పుడల్లా చురుక్కుమనేది. మూడుసార్లు మార్చారు. మూడుసార్లూ "పరికర లోపం" అని రాశారు. దాని తప్పేమీ లేదు. అది లెక్క సరిగ్గానే పెట్టింది. ఆ లెక్కని ఎవరూ చదవలేదు.

ఈ లాకుకి మేం వచ్చేసరికి పేర్రాజు గారని ముసలి లస్కరు ఉండేవారు. ఆయన దిగిపోయాక రెండో మనిషిని త్వరలో పంపుతామన్నారు. పంపలేదు. బోర్డు మీద ఇద్దరని ఉంది. మేం ఇద్దరికి తక్కువ కాదు. పని మొదలుపెట్టాం.

203వ రోజు, ఉదయం పోటు

రుచి: రెండు, రెండు.

చీటీలు పట్టుకెళ్ళడానికి నూకరత్నం అత్త పడవ వేసుకుని వచ్చింది. రోజూ ఆమే మా చీటీలని కింద రైతులకి చేరుస్తుంది. పడవవాళ్ళలో చాలామందికి లాగే అత్తకీ పూస లేదు. ఉప్పునీళ్ళకి చీము పడితే తలపిన్నుతో తీసేసుకుంటారు. ఆమె చెవి వెనక చిన్న గుంట మాత్రం ఉంది.

ఉత్తరం సంగతి ఆమెకి చెప్పాలని ముగ్గురం అనుకున్నాం. మాట్లాడటానికి ఫిలోమిన వెళ్ళింది. నేను వెనక నుంచి విన్నాను.

"అత్తా, రెండో చీటీ ఎవరు వేస్తున్నారనుకున్నావు ఇన్నాళ్ళూ?"

"ఆ మాటాడని అమ్మాయి. ఎడం చేతి వాటం పిల్ల."

ఫిలోమిన అత్త వైపు ఒక అడుగు వేసింది. 

"అది నేను కాదని నీకెలా తెలుసు?"

"నువ్వయితే తాడు అందుకోడానికి ముందు పది కబుర్లు సెప్తావు. ఆ పిల్ల తాడు అందుకుంటది, ముడేస్తది, ఎల్లిపోద్ది. పడవ కట్టే ముడి కూడా వేరే. నీ ముడి ఊడిపోద్ది."

"మొహం ఒకటే కదా అత్తా."

"కవలలేమో అనుకున్నా. ఇద్దరూ ఒకేసారి కనపళ్ళేదు గానీ, ఇల్లు ఇరుకు, ఒకళ్ళు పడుకుంటే ఒకళ్ళు లేత్తారు గావాల అనుకున్నా."

అప్పుడు ఫిలోమిన ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక ఒంట్లో ముగ్గురం అని. ఒకరు ముందుకు వస్తే మిగతావాళ్ళు లోపల ఉంటారని, ఒక్కోసారి లోపల నుంచి చూస్తారని, ఒక్కోసారి నిద్రపోతారని. నూకరత్నం అత్త పడవ తోసే గెడ మీద గడ్డం ఆనించి విన్నది.

"అంటే పడవ ఒకటి, గెడ ఒకటి, మనుషులు ముగ్గురు."

"అంతే."

"కొట్టుకుంటారా?"

"అప్పుడప్పుడు."

"మా పడవలో కూడా అంతే. మా ఆయనా, మా మరిదీ, నేనూ." చీటీలు కొంగున ముడేసుకుంది. "మరి మూడో అమ్మాయి ఏది? ఎప్పుడూ సూళ్ళేదు."

నేను వెళ్ళలేదు. లోపలే ఉన్నాను. ఫిలోమిన "దానికి సిగ్గత్తా" అంది.

"సిగ్గు పడితే పడనీ. తిండి తింటందా?"

204వ రోజు, సాయంత్రం పాటు

రుచి: ఒకటి, రెండు.

ఇవాళంతా ముగ్గురం వాదించుకున్నాం. ఈ పుస్తకం నిండా దాని గుర్తులే. రెండు దారులు ఉన్నాయి.

మొదటిది ఫిలోమిన దారి. "రెండు చీటీలూ నేనే రాశాను, మోసం చేశాను, క్షమించండి" అని రాసేయడం. లాకు పోతుంది. కానీ ఎవరికీ ఏమీ తెలియదు. ఎక్కడికైనా వెళ్ళి ముగ్గురం ముగ్గురిలా బతుకుతాం, ఇప్పటిదాకా బతికినట్టే, దాక్కుని.

రెండోది నిజం చెప్పడం. నిజం చెబితే కొత్త పూస వస్తుంది. మాలాంటివాళ్ళ కోసమే దాన్ని చేశారు. అది తికమకపడదు. ఒకరిని పట్టుకుని నిలబెడుతుంది, మిగతావాళ్ళని అణిచేస్తుంది. దాన్ని కలపడం అంటారు. పట్నంలో బళ్ళో మా కింది తరగతిలో ఒక జంట ఉండేవారు, ఒకే పిల్లలో. కలిపాక ఆ పిల్ల చక్కగా చదివేది. నన్ను చూస్తే గుర్తుపట్టేది కాదు. నాతో గ్రంథాలయంలో కూర్చునేది ఆ రెండో పిల్ల.

నేను ఫిలోమినకి ఇలా రాశాను: "మోసం అని ఒప్పుకుంటే రెండేళ్ళుగా చిట్టెమ్మ వేసిన ప్రతి చీటీ అబద్ధం అవుతుంది. చిట్టెమ్మ లేనేలేదని మనమే సంతకం పెట్టినట్టు. కొత్త పూస చేసే పని మన చేత్తో మనం చేయడం దేనికి?"

 సాయంత్రం పాటు అయ్యాక పుస్తకం తెరిస్తే, నా మాట కింద ఫిలోమిన రాసిన ఒకే వరస ఉంది:

*సరే. రాయి. ముగ్గురం సంతకం పెడదాం.*

205వ రోజు, ఉదయం పోటు

రుచి: రెండు, రెండు.

సంజాయిషీ పంపాం. పూర్తి పాఠం ఇది.

"అయ్యా, పూస ఒకటే, మనుషులం ముగ్గురం. చీటీలు వేసినవారు ఇద్దరు. విడివిడిగా రుచి చూశారు. ఒకరి చీటీ ఒకరికి చూపలేదు. మీ బోర్డు అడిగినది ఇదే. ఇట్లు, ఫిలోమిన, చిట్టెమ్మ, జెసింత."

చిట్టెమ్మ సంతకానికి చాలాసేపు పట్టింది. ఆమె బడికి ఎక్కువగా రాలేదు. లెక్కల పీరియడ్‌కి నేను, ఆటలకి ఫిలోమిన వెళ్ళేవాళ్ళం. ఆమెకి మిగిలింది తోటపని.

208వ రోజు, ఉదయం పోటు

రుచి: ఒకటి, ఒకటి.

జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. మా పరిస్థితికి విచారిస్తున్నారు. 212వ రోజున పరీక్షాధికారి వస్తారు. రుచి పరీక్ష పెడతారు. ఆ వెంటనే కొత్త పూస అమరుస్తారు. నొప్పి ఉండదు. ఉద్యోగం ఉంటుంది. జతగా ఒక ఫారం. దాంట్లో ఒకే గీత.

"నిలుపవలసిన వ్యక్తి పేరు (ఒకటి మాత్రమే)."

గీత ఉంటే ఖాళీ వదలకూడదు. జీవితంలో మొదటిసారి వదిలాను.

209వ రోజు, ఉదయం పోటు

రుచి: రెండు, రెండు.

పొద్దున్నే పుస్తకంలో చిట్టెమ్మ రాత కనిపించింది. పెన్సిలు గట్టిగా నొక్కి రాసింది. వెనక కాగితం మీద కూడా పడింది.

*ఫిలోమినని ఉంచండి. జెసింతని కూడా ఉంచమని అడగండి. పుస్తకాలు చదువుతది. నన్ను తీసేయండి. చక్రం తిప్పడం నేర్పి పోతాను. కుడిచేత్తో అయితే మొదటి పన్ను దగ్గర ఆగాలి. లేకపోతే మణికట్టు పోద్ది.*

కింద చక్రం బొమ్మ వేసింది. పళ్ళకి అంకెలు వేసింది.

 మా ముగ్గురిలో అందరికంటే తక్కువ చోటు అడిగింది ఆమె. తోటా, చక్రం, ఒక కన్నం. ఆ కాస్తా కూడా ఖాళీ చేస్తానంటోంది. ఎవరో ఒకరు వెళ్ళాలని ఆ ఫారం అడిగితే, అడిగినవాళ్ళని తిట్టాలని కూడా ఆమెకి తోచలేదు. తన సామాను సర్దుకుంది.

ఫిలోమిన ఆ రాత కింద రాసింది:

*దీనికి బుద్ధి చెప్పు జెసింతా. నేను చెబితే ఏడుపొస్తోంది.*

నేను రాశాను: "చిట్టెమ్మా, నీకు ఎవరూ లేచి వెళ్ళమని చెప్పలేదు. చెప్పే హక్కు మాకు లేదు, వాళ్ళకి అసలే లేదు. బొమ్మ బాగుంది. చక్రం నువ్వే తిప్పు."

సాయంత్రం ఆ పేజీ మళ్ళీ చూశాను. చిట్టెమ్మ చక్రం బొమ్మకి నూనె డబ్బా కూడా వేసి పెట్టింది.

212వ రోజు, ఉదయం పోటు

రుచి చీటీలు లేవు. పరీక్షాధికారి చూడనివ్వలేదు. ఏం జరిగిందో వరసగా రాస్తాను.

ఆయన పేరు హేమకాంత్ గారు. సన్నగా, శుభ్రంగా ఉన్నారు. చెడ్డవారు కాదు. పడవ దిగేటప్పుడు నూకరత్నం అత్త చెయ్యి అందిస్తే థాంక్స్ చెప్పారు. ఒక చేతిలో మూతలు పెట్టిన మూడు గ్లాసులున్న పెట్టె, ఇంకో చేతిలో పూస ఉన్న డబ్బీ.

చక్రాల షెడ్డులో బల్ల వేసి ఫిలోమిన టీ ఇచ్చింది. మా కష్టసుఖాలు చెప్పింది. పేర్రాజు గారు నీళ్ళ బదులు పొరపాటున కిరసనాయిలు నోట్లో పోసుకుని "ఇది ఆరు" అన్న కథ చెప్పి ఆయన్ని నవ్వించింది.

"చిన్నప్పుడు ఏమైనా జరిగిందా అమ్మా? ఇలా అవడానికి?" అన్నారు ఆయన, నవ్వు ఆపి, మెల్లగా.

"ఫారంలో ఆ గీత ఉందాండీ?"

"లేదు. ఊరికే."

"ఊరికే అయితే ఇంకో కప్పు టీ తాగండి."

పరీక్ష మొదలయింది. గ్లాసుల మీద అంకెలు ఉన్నాయి. ఫిలోమిన మూడూ రుచి చూసి, రాసి, కాగితం మడిచింది. ఆయన "సరే, ఇప్పుడు రెండోవారిని పిలవండి" అన్నారు, వంటింట్లో నుంచి పిలవమన్నట్టు. చిట్టెమ్మ వచ్చింది. పెన్సిలు ఎడమ చేతికి మారింది. ఆయన అది చూసి తన పుస్తకంలో ఏదో రాసుకున్నారు. చిట్టెమ్మ మూడూ చూసి, రాసి, మడిచి, ఆయన వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

ఆయన రెండు కాగితాలూ విప్పారు. మొదటి గ్లాసు ఒకటి, ఒకటి. రెండో గ్లాసు నాలుగు, నాలుగు. మూడో గ్లాసు ఫిలోమినకి రెండు, చిట్టెమ్మకి మూడు.

"చూడండమ్మా," అన్నారు. "మొదటి రెండూ ఒకటే వచ్చాయి. చేతివాటాలు రెండైనా మనిషి ఒకరే అని తేలింది. మూడోది తేడా వచ్చింది. నాలుక ఒకటే, నీళ్ళు ఒకటే, జవాబులు రెండు. ఇది మంచిది కాదు. ఇలా ఉంటే లాకు అప్పగించలేం."

కలిస్తే ఒకరమట. కలవకపోతే జబ్బట.

అప్పుడు ఆయన ఫిలోమినతో అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మీరు ఉండండి. మీరు చక్కగా మాట్లాడతారు, నలుగురిలో నెగ్గుకొస్తారు. మిగతా ఇద్దరూ హాయిగా నిద్రపోతారు." డబ్బీ తెరిచారు. పూస పెసరగింజంత ఉంది, తెల్లగా.

ఫిలోమిన ఆ పూస వైపు చూసింది. తర్వాత లోపలికి వచ్చి నా దగ్గర నిలబడింది.

"నువ్వు వెళ్ళు," అంది.

"నేనా? నువ్వు మాట్లాడితేనే కదా..."

"నేను మాట్లాడితే ఆయనకి నచ్చుతుంది జెసింతా. నచ్చకూడదు."

నేను వెళ్ళాను. ఇంతకు ముందు పరాయి మనిషి ముందు నోరు విప్పింది ఒకే ఒక్కసారి. బడి గుడిలో బైబిలు పఠనం చదవడానికి. సిస్టర్ బెనెడిక్ట వెనక నుంచి "ఆఖరి బెంచీకి వినపడాలి" అన్నారు. వినపడలేదు. ఇవాళ ఆఖరి బెంచీ లేదు. బల్లకి అవతల ఒక్క మనిషి. బల్ల అంచు పట్టుకున్నాను.

"నేను జెసింతనండి," అన్నాను.

"ఓ. మీరు మూడోవారా." ఆయన కుర్చీలో సర్దుకున్నారు. "కొంచెం గట్టిగా మాట్లాడండి."

"నా గొంతు ఇంతేనండి. మీరే కొంచెం దగ్గరికి జరగండి."

ఆయన జరిగారు.

"మూడో గ్లాసులో నిజంగా ఎంత కలిపారు?"

చెప్పాలా వద్దా అని ఆలోచించారు. "రెండున్నర," అన్నారు చివరికి.

"అయితే ఇద్దరూ తప్పు చెప్పలేదు. మీ వెనకాల బోర్డు ఉంది. ఒకసారి చదువుతారా?"

ఆయన తిరిగి చదివారు. బయటికే చదివారు, పాపం. "తేడా వచ్చినచో ఎక్కువ అంకె చెల్లును."

"ఆ బోర్డు రాసినవాళ్ళు తేడా వస్తుందనుకునే రాశారండి. తేడా వస్తే ఒకరిని తీసేయమని రాయలేదు. ఎక్కువ అంకె చెల్లుతుందన్నారు, అంతే."

"అది ఇద్దరు మనుషుల గురించి రాసింది."

"మా గురించే రాసింది. రెండేళ్ళుగా అలాగే చేశాం."

"అమ్మా, మీరు తెలివైనవారు. మీ పని బాగుందని కార్యాలయం కూడా ఒప్పుకుంటుంది. రెండేళ్ళలో కింద ఒక్క ఎకరం కూడా పోలేదు. కావాలంటే ఆ మాట పైకి రాస్తాను. పనికొస్తున్నారు కాబట్టి కొన్నాళ్ళు వాయిదా..."

"వద్దండి."

"వద్దా?"

"పనికొస్తున్నామని వదలమనడం లేదు. రేపు నాలుకలు మొద్దుబారి ఎందుకూ పనికి రాకపోయినా ముగ్గురమే. చిట్టెమ్మ చక్రం తిప్పుతుంది కాబట్టి ఉండటం లేదు. ఉంది కాబట్టి తిప్పుతోంది."

గొంతు వణికింది. వణికిందని ఇక్కడ రాస్తున్నాను. ఈ పుస్తకంలో రాసింది నిజమై ఉండాలి.

ఆయన ఖాళీ ఫారం నా వైపు తిప్పి, గీత మీద వేలు పెట్టారు. "పేరు రాయకపోతే ఇప్పుడున్న పూస కూడా ఆగిపోతుంది. మీ క్వార్టర్ తలుపు తెరుచుకోదు. రేషన్ రాదు. మీకు అర్థమవుతోందా?"

నేను గుమ్మం వైపు చూశాను. నూకరత్నం అత్త గట్టు మీద కూర్చుని అంతా వింటోంది. చాటుగా వినడం ఆమెకి తెలియదు. తిన్నగా వింటుంది.

"అత్తా," అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అది. "నీ తలపిన్ను ఒకసారి ఇస్తావా?"

ఆమె లేచి వచ్చింది. నా మొహం పరీక్షగా చూసింది.

"నువ్వేనా మూడో అమ్మాయివి? బక్కగా ఉన్నావే."

"ఒళ్ళు అందరిదీ ఒకటే అత్తా."

"అవునవును, మర్సిపోయా. తల వంచు."

హేమకాంత్ గారు లేచి నిలబడ్డారు. "ఏం చేస్తున్నారు? అది నిబంధనలకి..."

"మీరు కూకోండి బాబూ," అంది అత్త. "సెయ్యి వణికితే పిల్లకి గీసుకుంటది."

నొప్పి పుట్టింది. ముగ్గురికీ పుట్టింది. లోపల ఫిలోమిన పళ్ళు బిగపట్టుకుని ఒక చెడ్డ మాట అంది. చిట్టెమ్మ నా చెయ్యి పట్టుకుంది. పట్టుకునే తీరు ఎలాగో బయటివాళ్ళకి చెప్పలేను. పట్టుకుంది.

పాత పూస రక్తంతో సహా బయటికి వచ్చింది. దాన్ని మూడో గ్లాసులో వేశాను, రెండున్నర ఉప్పులో. అది ఒకసారి బుడగ వదిలి అడుక్కి దిగింది.

ఫారం మీద గీతలో ఒక్క పేరు రాసి ఆపలేదు. "ఒకటి మాత్రమే" అన్నది కొట్టేసి, గీత కింద ఇంకో రెండు గీతలు గీశాను. మూడింటి మీదా మూడు పేర్లు రాసుకున్నాం, ఎవరి చేత్తో వాళ్ళం. చిట్టెమ్మ రాయడం అయ్యేదాకా ఆయన నిలబడే ఉన్నారు. ఆమెకి చాలాసేపు పట్టింది.

"ఇలా తీసుకోరు," అన్నారు ఆయన, ఫారం మడుస్తూ.

"తీసుకోకపోయినా మూడు పేర్లతో అది వాళ్ళ దగ్గర ఉంటుంది. మాకు కావలసింది అదే."

పడవ ఎక్కేటప్పుడు ఆయన గ్లాసుల పెట్టె మర్చిపోయారు. లేదా మర్చిపోయినట్టు వెళ్ళారు. తెలియదు.

213వ రోజు, ఉదయం పోటు

క్వార్టర్ తలుపు తెరుచుకోలేదు. లోపల నా పుస్తకాలు పదకొండు ఉన్నాయి. చక్రాల షెడ్డులో పడుకున్నాం. లాకుని పూసలు పుట్టకముందు కట్టారు. దాని చక్రానికి చెయ్యి తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఈ పుస్తకం, పెన్సిళ్ళు, చీటీల పెట్టె బయటే ఉన్నాయి. చాలు.

రుచి: రెండు, రెండు.

నూకరత్నం అత్త గంజి, ఎండు రొయ్యలు తెచ్చింది. కార్యాలయం వాళ్ళు కింద ఊళ్ళో చాటింపు వేయించారట. ఆరో లాకు చీటీలు ఇక చెల్లవు, కొత్త లస్కరు వచ్చేదాకా మీటరు చూసుకోండి అని.

"మీటరు మీద ఎండ్రకాయ కూకుని ఉంది," అంది అత్త. "సూత్తారు, ఏం సూత్తారు? దాని మొహమా?"

"చీటీలు తీసుకుంటారా అత్తా?"

"తీసుకోపోతే నా పడవలో అయినా ఉంటాయి."

మధ్యాహ్నం అంతా షెడ్డులో చెక్క గీకుతున్న చప్పుడు. నేను లోపల నిద్రలో ఉన్నాను. లేచి చూస్తే చీటీల పెట్టెకి మూడో కన్నం ఉంది. చిట్టెమ్మ చాకుతో తొలిచింది. అంచులు గరుకుగా ఉన్నాయి. పుస్తకంలో ఒక్క ముక్క రాసింది:

*నువ్వు ఎప్పుడూ రుచి చూడలేదు.*

నిజమే. రెండే కన్నాలు కదా, ఇద్దరున్నారు కదా, నేను రాసుకుంటాను అనుకున్నాను. ఇన్ని రోజులూ ఆమె చోటు కోసం వాదించాను. నా చోటు సంగతి నేనూ అడగలేదు.

214వ రోజు, ఉదయం పోటు

ఫిలోమిన చూసింది. రాసి మడిచి మొదటి కన్నంలో వేసింది. చిట్టెమ్మ చూసింది. రెండో కన్నంలో వేసింది. నేను ఇద్దరికీ వీపు చేసి ఉన్నాను.

తర్వాత నేను గట్టు మెట్లు దిగి, దోసిలిలో నీళ్ళు తీసుకుని, నోట్లో పోసుకున్నాను. మట్టి వాసన. దాని వెనకాల ఇంకేదో. కొబ్బరి నీళ్ళని దాటి. కన్నీళ్ళ రుచి నాకు బాగా తెలుసు. ఉమ్మేశాను. అంకె వేశాను. మూడో కన్నంలో వేశాను. అంచు గీసుకుని వేలు కాస్త తెగింది.

అత్త వచ్చాక పెట్టె తెరిచాం. రెండు. రెండు. మూడు.

ఇద్దరు రెండన్నారు. మొదటిసారి రుచి చూసిన మనిషి మూడంది. నేను తప్పేమో.  "ఇద్దరి మాటే పోనిద్దాం" అని రాయబోయాను. నా చేతిలో పెన్సిలు ఎడమ చేతికి మారింది. చిట్టెమ్మ రాయలేదు. వెళ్ళి చక్రం పట్టుకుంది. ఎక్కువ అంకె చెల్లును. లాకు దించేసింది.

అత్త మూడు చీటీలూ కొంగున కట్టుకుని వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగి వచ్చింది. కింది రేవులో పది పదిహేను మంది రైతులు నిలబడి ఉన్నారట, చాటింపు విని కూడా.

"సీటీలు విప్పాను. ఈసారి మూడున్నాయేంటి అన్నారు. మూడో అమ్మాయి కూడా ఏసింది అన్నాను. ఎక్కువ ఎవరిది అన్నారు. ఆ అమ్మాయిదే అన్నాను. పేరేంటి అన్నారు."

"చెప్పావా?"

"జెసింత అని సెప్పాను. పెద్దకాపు అటు తిరిగి కేకేశాడు. ఒరేయ్, జెసింత మూడంది, తూములు మూసేయండెహె అని." అత్త గెడ నేలకి ఆనించింది. "మూసేశారు. ఇంకేం అడగలేదు. పొయ్యి మీద అన్నం ఉందని పోయారు."

కార్యాలయం పడవ ఎల్లుండి వస్తుందని కూడా చెప్పింది. కొత్త లస్కరుతో, ఇద్దరు జవాన్లతో. రానివ్వండి. బోర్డు చూపిస్తాం. పెట్టె చూపిస్తాం. కొత్త లస్కరుకి నాలుక ఉంటే నాలుగో కన్నం తొలుస్తాం.

214వ రోజు, సాయంత్రం పాటు

రుచి: ఒకటి, ఒకటి, రెండు. లాకు ఎత్తాం. గాలి దక్షిణం నుంచి.

*ఫిలోమిన*
*చిట్టెమ్మ*
జెసింత